చివరి మడికి నీళ్లందాయా?
ప్రపంచ స్త్రీల ఫుట్‌బాల్ లీగులను మనం ఎలా కొలవాలి

(బయ్యారంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి మనం పోడు భూముల గురించి, కూలి రేట్ల గురించి, చదువు మధ్యలో ఆపించి పెళ్లి చేస్తున్న ఆడపిల్లల గురించి మాట్లాడుకున్నాం. వీటి మధ్య ఫుట్‌బాల్ మీద ప్రసంగం ఏమిటని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కడుపు నిండినవాళ్ల కబుర్లు కదా ఇవి అని కూడా అనిపించవచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే దానితోనే మొదలుపెడతాను.

నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టు క్రీడాకారిణి. 2022లో యూరప్‌లోని క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్ ఆమెతో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో కలకత్తాకు చెందిన ఈస్ట్ బెంగాల్ క్లబ్ తొలిసారి దేశ మహిళా లీగ్ గెలిచినప్పుడు ఆ గెలుపును ఖాయం చేసిన గోల్ ఆమెదే. 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది. గుగులోత్ అనే ఇంటిపేరు మన చుట్టుపక్కల తండాల్లో ఎన్ని గడపల్లో వినిపిస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఇవాళ కాకపోతే రేపు ఒక తల్లి మన దగ్గరికి వచ్చి అడుగుతుంది. “అక్కా, మా పిల్ల మంచిగ ఆడుతదని సార్లు అంటున్నరు. పట్నం పంపమంటున్నరు. ఆట ఆడితే బతుకుతదా? కాలు విరిగితే ఎవరు చూస్తరు? పెళ్లయి పిల్ల పుడితే ఏమైతది? అంత దూరం పంపితే దానికి రక్షణ ఎవరు?” ఈ నాలుగు ప్రశ్నలకూ మన దగ్గర జవాబు ఉండాలి. “పంపమ్మా, పేరొస్తుంది” అంటే సరిపోదు. “వద్దమ్మా, మనకెందుకు” అంటే మనం ఇన్నాళ్లూ చెప్పినదానికే విరుద్ధం. ఆడపిల్ల ఇంటి బయట చేసే ఏ పనినైనా మనం ఏ కళ్లతో చూస్తామో ఆటనీ ఆ కళ్లతోనే చూడాలి. జీతానికి ఆడే ఆట పనే. లీగ్ అంటే పనిచేసే చోటే.

కొలత ఏది?

ప్రపంచంలో స్త్రీల లీగుల్లో ఏది గొప్పదని పత్రికల్లో చర్చ జరుగుతూ ఉంటుంది. ఎన్ని కప్పులు గెలిచారు, ఎంతమంది చూడటానికి వచ్చారు, పేరున్నవాళ్లు ఎవరున్నారు, టీవీ వాళ్లు ఎంత ఇచ్చారు అనే లెక్కలే అందులో ఉంటాయి. అవి తప్పు లెక్కలు కావు. కానీ ఆ తల్లి అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ అవి జవాబు చెప్పవు.

బయ్యారం వాళ్లకు కొలత గురించి నేను చెప్పడమేమిటి! మీ పెద్దచెరువును కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలమ కట్టించిందని ఇక్కడి శాసనం చెబుతోంది. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక స్త్రీ చేసిన పని అది. చెరువు నిండితే కట్ట మీద నిలబడి చూసేవాళ్లకు కన్నుల పండుగే. అయితే సేద్యం చేసేవాళ్లు చెరువును కట్ట మీద నుంచి కొలవరు. ఆయకట్టు చివరి మడికి నీళ్లు ఎక్కాయా లేదా అని అడుగుతారు. నేను లీగులను అలాగే కొలుస్తాను. అందరికంటే గొప్ప క్రీడాకారిణికి ఎంత వస్తుందన్నది కట్ట మీది లెక్క. జట్టులో ఇరవయ్యో పేరుకు, ఇరవై రెండో పేరుకు ఏమందుతోందన్నది చివరి మడి లెక్క.

ఎండబెట్టిన చరిత్ర

ఈ లెక్కలోకి వెళ్లే ముందు ఒక మాట. “ఆడవాళ్ల ఆటకు జనం రారు, అందుకే డబ్బు లేదు” అని తరచూ వింటాం. ఇది చరిత్రను తలకిందులు చేసి చెప్పడం. ఇంగ్లండ్‌లో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మగవాళ్లు యుద్ధానికి వెళితే ఆయుధ కర్మాగారాల్లో స్త్రీలు పనిచేశారు. ప్రెస్టన్ పట్టణంలో డిక్ కెర్ అనే కర్మాగారంలో పనిచేసే అమ్మాయిలు ఒక జట్టు కట్టారు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ నగరంలో వాళ్ల ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబర్ 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను అడుగు పెట్టనివ్వవద్దని ఆదేశించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా, బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఇలాంటి నిషేధాలే ఉన్నాయి.

అంటే జనం రాక ఆట ఆగిపోలేదు. జనం వస్తుంటే ఆపించారు. తూము మూసేసి, మీ మడి ఎందుకు ఎండిందని అడగడం లాంటిదే ఇది. మగవాళ్ల లీగులతో స్త్రీల లీగులను పోల్చేవాళ్లకు ఈ యాభై ఏళ్ల లెక్క ముందు అప్పజెప్పాలి.

కట్ట మీద నుంచి చూస్తే

మొదట ఆట బలం చూద్దాం. యూరప్‌లో క్లబ్బుల మధ్య జరిగే చాంపియన్స్ లీగ్‌ను ఫ్రాన్స్‌లోని ల్యోన్ క్లబ్ 2011 నుంచి 2022 లోపు ఎనిమిది సార్లు గెలిచింది. స్పెయిన్‌లోని బార్సిలోనా 2021, 2023, 2024లో గెలిచింది. 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా మైదానంలో ఒక ఆటకు 91,648 మంది వచ్చారు. 2025 మే నెలలో అదే బార్సిలోనాను లండన్ క్లబ్ ఆర్సెనల్ ఫైనల్లో ఓడించింది.

ఇంత బలమైన క్లబ్ ఉన్న లీగ్ కూడా బలమైనదేనా? ల్యోన్ తన దేశంలో 2007 నుంచి 2020 దాకా వరుసగా పద్నాలుగు సార్లు లీగ్ గెలిచింది. బార్సిలోనా 2023-24లో 30 ఆటల్లో 29 గెలిచి ఒకటి డ్రా చేసుకుంది. ఇంగ్లండ్‌లో చెల్సీ 2020 నుంచి 2025 దాకా వరుసగా ఆరుసార్లు గెలిచింది. ఊరంతటిలో ఒక్క మేడ ఉంటే ఆ ఊరు ధనిక గ్రామం అవుతుందా? మేడ పక్కన ఉన్న గుడిసెల సంగతి అడగాలి.

అమెరికా లీగ్ తీరు వేరు. అక్కడ 2021 నుంచి 2024 దాకా నాలుగేళ్లలో నాలుగు వేరు వేరు క్లబ్బులు గెలిచాయి. 2022లో పట్టికలో ఆఖరున నిలిచిన గోథమ్ క్లబ్ 2023లో విజేత అయింది. అంటే ఆఖరి జట్టుకు కూడా లేచే అవకాశం ఉంది. అత్యుత్తమ క్లబ్ యూరప్‌లో ఉండవచ్చు. పోటీ సమంగా ఉన్న లీగ్ మాత్రం అమెరికాదే. ఈ సమత్వం గాలిలోంచి రాలేదు. క్లబ్బులు జీతాలకు పెట్టగల మొత్తానికి పై హద్దూ, క్రీడాకారిణికి ఇచ్చే జీతానికి కింది హద్దూ అక్కడ లీగ్ నిబంధనల్లోనే ఉన్నాయి.

ఆట ఆడితే బతుకుతదా?

ఇది ఆ తల్లి మొదటి ప్రశ్న. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా 2025లో ప్రచురించిన నివేదిక ప్రకారం, సర్వేలో చేరిన క్లబ్బుల్లో ఒక క్రీడాకారిణి సగటు జీతం ఏడాదికి సుమారు 10,900 డాలర్లు. సగటున 50,000 డాలర్లకు పైగా ఇచ్చే క్లబ్బులు పదహారే. ఆ పదహారింటి డబ్బు వల్లే సగటు ఆ మాత్రమైనా కనిపిస్తోంది. మిగతా చోట్ల పగలు ఇంకో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఆడేవాళ్లే ఎక్కువ. ఇంటిపని, బయటిపని, ఆపైన ఆట! మూడో షిఫ్టు అన్నమాట.

కనీస జీతం ఎక్కడెక్కడ వచ్చిందో, ఎలా వచ్చిందో చూడండి. స్పెయిన్ లీగ్ క్రీడాకారిణులు 2019 నవంబర్‌లో సమ్మె చేశారు. కుదిరిన ఒప్పందం ప్రకారం పూర్తికాలం ఆడేవాళ్లకు ఏడాదికి కనీసం 16,000 యూరోలు నిర్ణయమైంది. 2023 సెప్టెంబర్‌లో మళ్లీ సమ్మె చేశారు. లీగ్ మొదటివారం ఆటలు ఆగిపోయాయి. దాంతో కనీసం 21,000 యూరోలకు పెరిగింది, 2025-26 నాటికి 23,500కు చేరేలా ఒప్పందం కుదిరింది. ఆ దేశంలో మగవారి మొదటి లీగ్‌లో కనీసం ఒక లక్షా 80 వేల యూరోల పైచిలుకు. తేడా ఎంతో మీరే లెక్క కట్టుకోండి. అయినా ఒక్క విషయం స్పష్టం: ఆ వేలల్లో ప్రతి యూరో సమ్మె చేసి తెచ్చుకున్నదే. ప్రపంచ కప్ గెలిచిన కొద్దివారాలకే ఆ దేశపు క్రీడాకారిణులు సమ్మెకు దిగారు. కప్పు గెలిచాం కదా, వాళ్లే ఇస్తార్లే అని కూర్చోలేదు.

అమెరికాలో 2013లో లీగ్ మొదలైనప్పుడు కనీస జీతం ఒక సీజనుకు 6,000 డాలర్లు. అద్దెలు కట్టుకోలేక పరాయి ఇళ్లలో ఉంటూ ఆడినవాళ్లు ఉన్నారు. యూనియన్ కట్టుకుని 2022లో తొలి సామూహిక ఒప్పందం సాధించారు, కనీసం 35,000 అయింది. 2024 ఒప్పందంతో 2025లో 48,500కు, 2030 నాటికి 82,500కు పెరిగేలా రాయించుకున్నారు. చదువు ముగించి వచ్చే అమ్మాయిలను వాళ్లను అడగకుండానే క్లబ్బులు పంచుకునే ‘డ్రాఫ్ట్’ అనే పద్ధతి ఉండేది. దాన్నీ ఆ ఒప్పందంతోనే రద్దు చేయించారు. ఎవరి దగ్గర పనిచేయాలో నిర్ణయించుకునే హక్కు అన్నమాట. పాలేరు వ్యవస్థను చూసిన ప్రాంతం మనది. ఆ హక్కు విలువ మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

జీతంతోపాటు ఇంకొకటి చూడాలి: ఆ పని నిలుస్తుందా? అమెరికాలో ఈ లీగ్‌కు ముందు రెండు లీగులు మూతపడ్డాయి. 2001లో పుట్టింది 2003లో పోయింది. 2009లో పుట్టింది 2012లో పోయింది. పెద్ద జీతాల ప్రకటనతో మొదలై మూడేళ్లలో దుకాణం సర్దేస్తే ఆ జీతం ఎవరికి? హామీ వేరు, చేతికందడం వేరు. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా అని పరిశీలించాలన్న మాట రాసి ఉంది. ఉక్కు ఇప్పటికీ రాలేదు. మనకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

కాలు విరిగితే, బిడ్డ పుడితే?

స్త్రీలకు మోకాలి లోపలి లిగమెంట్ తెగే గాయం మగవాళ్లకంటే ఎక్కువగా అవుతుందని వైద్యులు చెబుతున్నారు. ఆ గాయమైతే ఆపరేషన్, ఆపైన చాలా నెలల విశ్రాంతి. ఒప్పందం ఆరు నెలలదే అయితే గాయం తొమ్మిది నెలలది. మిగిలిన మూడు నెలలు ఎవరి ఖర్చు? ఒక లీగ్ మంచిదా కాదా అని అడిగేటప్పుడు ఒప్పందం ఎంతకాలం, గాయమైతే వైద్యం ఎవరిది, ఆ కాలంలో జీతం ఇస్తారా అనే మూడు మాటలు తప్పకుండా అడగాలి. గోల్స్ లెక్క ఆ తర్వాత.

గర్భం విషయంలో 2021 జనవరి నుంచి ఫిఫా నిబంధన పెట్టింది. కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, ఆ కాలంలో కనీసం మూడింట రెండు వంతుల జీతం ఇవ్వాలి. గర్భవతి అయిందని ఒప్పందం రద్దు చేయకూడదు. ఇది కాగితం మీద మిగిలిపోకుండా నిలబెట్టింది ఒక స్త్రీ. ఐస్‌లాండ్ కెప్టెన్ సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్ ల్యోన్ క్లబ్‌లో ఉండగా గర్భవతి అయింది. క్లబ్ పూర్తి జీతం ఇవ్వకపోతే కేసు వేసింది. 2022లో ఫిఫా న్యాయస్థానం ఆమెకు 82,000 యూరోలకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. గమనించండి, ఎనిమిదిసార్లు చాంపియన్ అయిన క్లబ్ అది. కట్ట మీద నుంచి చూస్తే నిండు చెరువు. తన దగ్గర పనిచేసే తల్లికి జీతం ఇవ్వడానికి మాత్రం తీర్పు కావలసి వచ్చింది. మన దేశంలో చట్టం 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. ఆ చట్టం వర్తించే ఉద్యోగిగా మన క్లబ్బులు క్రీడాకారిణిని గుర్తిస్తున్నాయా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఇంకొక చిన్న విషయం. చిన్నదని మగవాళ్లు అనుకున్నది. స్త్రీల జట్లకు కూడా తెల్ల నిక్కర్లే ఇస్తూ వచ్చారు. బహిష్టు రోజుల్లో ఆ భయంతో ఆడటం ఎలా ఉంటుందో ఆడవాళ్లకే తెలుసు. క్రీడాకారిణులు గట్టిగా అడిగిన తర్వాత 2023లో ఇంగ్లండ్ జాతీయ జట్టు నీలం రంగుకు మార్చింది. బడిలో ఆటలు మానేసే మన పిల్లల్లో ఎంతమంది ఈ ఒక్క కారణంతో మానేస్తున్నారో ఎప్పుడైనా అడిగామా?

రక్షణ ఎవరు?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. పోటీలో, జీతంలో ముందున్న అమెరికా లీగ్‌లోనే 2021లో శిక్షకుల లైంగిక వేధింపులు బయటపడ్డాయి. ఏళ్ల తరబడి ఫిర్యాదులు వెళ్లినా అధికారులు పట్టించుకోలేదు. ఒక క్లబ్ నుంచి వెళ్లిపోయిన శిక్షకుడికి ఇంకో క్లబ్‌లో ఉద్యోగం దొరికింది. అప్పుడు క్రీడాకారిణులు ఏం చేశారో వినండి. 2021 అక్టోబర్ 6న ఆట మొదలైన ఆరో నిమిషంలో రెండు జట్లవాళ్లూ ఆట ఆపేసి మైదానం మధ్యలో చేతులు కలుపుకుని నిలబడ్డారు. 2022 అక్టోబర్‌లో స్వతంత్ర విచారణ నివేదిక ఈ వేధింపులు ఒకరిద్దరు చెడ్డవాళ్ల పని కాదనీ, వ్యవస్థలోనే పాతుకుపోయాయనీ తేల్చింది. 2023 జనవరిలో నలుగురు శిక్షకులను లీగ్ నుంచి శాశ్వతంగా బహిష్కరించారు.

స్పెయిన్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2023 ఆగస్టు 20న ప్రపంచ కప్ గెలిచిన వేదిక మీదే ఆ దేశ ఫుట్‌బాల్ అధ్యక్షుడు జెన్నీ ఎర్మోసోను ఆమె ఇష్టం లేకుండా ముద్దుపెట్టుకున్నాడు. ప్రపంచం మొత్తం చూస్తుండగా జరిగిన దానికి కూడా ఆమె కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది.

మన దేశంలో? 2022లో పదిహేడేళ్ల లోపు బాలికల జట్టు విదేశీ పర్యటనలో ఉండగా లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ మీద సహాయ శిక్షకుణ్ణి తొలగించారు. 2024 మార్చిలో గోవాలో మహిళా లీగ్ రెండో స్థాయి పోటీలు జరుగుతుండగా, సమాఖ్య కార్యవర్గ సభ్యుడే గదిలోకి వచ్చి కొట్టాడని ఇద్దరు క్రీడాకారిణులు ఫిర్యాదు చేశారు. అతన్ని సస్పెండ్ చేశారు. 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మల్లయోధులైన అమ్మాయిలు ఎన్ని వారాలు రోడ్డు మీద కూర్చున్నారో చూశాం.

కాబట్టి పెద్ద జీతమే రక్షణ అనుకోవద్దు. ఫిర్యాదు వినేది ఎవరు, వాళ్లు శిక్షకుడి చేతి కింద ఉన్నవాళ్లా, స్వతంత్రులా అన్నదే అసలు కొలత. జపాన్‌లో 2021లో మొదలైన వృత్తి లీగ్ ఒక మంచి పని చేసింది. క్లబ్ నడిపే సంస్థల ఉద్యోగుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని నియమం పెట్టింది. మైదానంలో పదకొండు మంది స్త్రీలు, ఆఫీసులో అందరూ మగవాళ్లే అయితే అది స్త్రీల లీగ్ ఎలా అవుతుంది?

మన లీగ్

మన దేశ మహిళా లీగ్ 2017లో మొదలైంది. ఆ ఏడాది ఢిల్లీలో ఆరు జట్లతో మూడు వారాల లోపే ముగిసింది. ఏడాదిలో మూడు వారాల పనిని ఉద్యోగం అనగలమా? 2023-24లో తొలిసారి ఒకరి ఊళ్లో ఒకరు ఆడే పద్ధతి వచ్చింది. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కొక్క జట్టుకు 14 ఆటలు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 22, అమెరికాలో 26, స్పెయిన్‌లో 30. ఆట బాగుపడాలంటే ఆడాలి. ఆటలు తక్కువ పెట్టి మన అమ్మాయిల ఆట నాసిరకమనడం న్యాయం కాదు. ఆ ఎనిమిది జట్లలో తెలంగాణ నుంచి గానీ ఆంధ్రప్రదేశ్ నుంచి గానీ ఒక్కటీ లేదు. సౌమ్య ఆడాలంటే కేరళ, బెంగాల్ వెళ్లాల్సి వచ్చింది.

2023లో సమాఖ్య ఒక నిర్ణయం చేసింది. లీగ్‌లోని ప్రతి క్లబ్ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని. నెలకు సుమారు 26,600. ఇది ముందడుగే, కాదనను. కానీ జట్టులో ఇరవై మందికి పైగా ఉంటారు. పదకొండో అమ్మాయి నుంచి ఈ హామీ వర్తించదు. నేను చెప్పిన చివరి మడి ఇదే. అమెరికా, స్పెయిన్ ఒప్పందాల్లో కనీసం అంటే జట్టులో ప్రతి ఒక్కరికీ కనీసం. మన దగ్గర కనీసం అంటే పదిమందికి కనీసం. ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ అది రెండు పక్షాలు కూర్చుని సంతకం చేసిన ఒప్పందం. ఇక్కడ పైవాళ్లు ఇచ్చిన ఉత్తర్వు. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

పైవాళ్ల మీద ఆధారపడితే ఏమవుతుందో 2022 ఆగస్టులో చూశాం. గోకులం కేరళ జట్టు ఆసియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్ చేరింది. అదే సమయంలో సమాఖ్య పాలన గొడవల వల్ల ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. అమ్మాయిలు ఒక్క ఆటా ఆడకుండా తిరిగొచ్చారు. కొద్ది రోజుల్లోనే సస్పెన్షన్ ఎత్తేశారు గానీ పోటీ అప్పటికే పోయింది. కుర్చీల తగాదా మగపెద్దలది, నష్టం ఆడపిల్లలది.

ఇన్ని అడ్డంకుల మధ్య మన అమ్మాయిలు ఆడుతున్నారు. మణిపూర్‌కు చెందిన బాలాదేవి 2020లో స్కాట్లండ్ రేంజర్స్ క్లబ్‌తో ఒప్పందం చేసుకుంది. పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ క్లబ్ తరఫున యూరప్ చాంపియన్స్ లీగ్‌లో ఆడింది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. తూములే సరిగా లేవు.

మరి మనం ఏం చేయగలం?

ఏది మంచి లీగ్ అని నన్ను సూటిగా అడిగితే ఇలా చెబుతాను. ఆట బలంలో యూరప్ పెద్ద క్లబ్బులు ముందున్నాయి. చివరి క్రీడాకారిణికి అందే హక్కుల్లో అమెరికా లీగ్ ముందుంది. అయితే ఆ హక్కులు గొప్ప మనసుతో ఇచ్చినవి కావు. వేధింపులకూ, ఆకలి జీతాలకూ ఎదురు తిరిగిన స్త్రీలు సంఘటితమై తెచ్చుకున్నవి. స్పెయిన్‌దీ అదే కథ. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఫుట్‌బాల్ కంటే సంఘం గురించే.

బయ్యారంలో కూర్చుని స్పెయిన్ జీతాలు మార్చలేం. కానీ చేయగలిగినవి ఉన్నాయి. మీ ముందు నాలుగు పెడతాను.

ఒకటి. బడి మైదానం ఎవరిదో చూడండి. సాయంత్రం ఐదింటికి వెళ్లి నిలబడితే చాలు, మగపిల్లలు ఎంతమంది, ఆడపిల్లలు ఎంతమంది అన్నది తెలిసిపోతుంది. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, కస్తూర్బా బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలు ఉందా, బహిష్టు రోజులకు కావలసిన వసతి ఉందా అని అడగండి. వారంలో రెండు రోజులైనా మైదానం ఆడపిల్లలకే ఉండాలని పట్టుబట్టండి.

రెండు. చట్టం తెలుసుకుని చెప్పండి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ‘పని ప్రదేశం’ అనే మాటకు అర్థం ఫ్యాక్టరీ, ఆఫీసు మాత్రమే కాదు. క్రీడా సంస్థ, స్టేడియం, పోటీలు జరిగే చోటు, అక్కడ హాస్టల్ ఉన్నా లేకపోయినా, అన్నీ దాని కిందికి వస్తాయి. పదిమంది ఉద్యోగులు కూడా లేని చిన్న అకాడమీ అయితే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ఉంది. తెలిసినవాళ్లు దాచిపెట్టడం కూడా నేరమే. 2025 జాతీయ క్రీడా పాలనా చట్టం సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలంటోంది. ఆ నలుగురు ఎవరి కూతుళ్లు, ఎవరి భార్యలు కాకుండా, ఆడినవాళ్లు అయ్యేలా అడగాల్సింది మనమే.

మూడు. కాగితం చదవకుండా పిల్లను పంపవద్దని తల్లిదండ్రులకు చెప్పండి. ఎంతకాలం, ఎంత జీతం లేదా స్టైపెండ్, గాయమైతే వైద్యం ఎవరిది, చదువు ఎలా సాగుతుంది, హాస్టల్‌లో బాధ్యురాలైన స్త్రీ ఎవరు, ఫిర్యాదు ఎవరికి చేయాలి. ఈ ఆరు ప్రశ్నలకూ తెలుగులో రాసిన జవాబు అడగండి. కూలికి వలస వెళ్లేవాళ్లకు మనం చెప్పే జాగ్రత్తలే ఇవి.

నాలుగు. సంఘం. ఇక్కడి ఆడపిల్లలు బంతి తన్నడం నేర్చుకునేటప్పుడే కలిసి మాట్లాడటం కూడా నేర్చుకోవాలి. పదకొండు మంది కలిసి ఆడినంత తేలిగ్గా పదకొండు మంది కలిసి అడగగలరు. ఆ రోజు మైదానం మధ్యలో చేతులు కలిపి నిలబడ్డవాళ్లు వేరే వేరే జట్లవాళ్లు. గెలవాలని ఒకరితో ఒకరు పోరాడేవాళ్లు. అయినా కలిశారు.

ఆట వల్ల పేదరికం పోతుందని నేను అనను. లక్ష మంది ఆడితే ఒక్క సౌమ్య వస్తుంది. అందుకే ఆట హక్కు ఆ ఒక్కరి కోసం అడగడం లేదు. లీగ్ దాకా వెళ్లని ఆ మిగతా పిల్లలందరికీ పరుగెత్తడానికి ఇంత నేల, అలసిపోయే హక్కు, పదిహేనేళ్లకే పెళ్లి కాకుండా మరో మూడు నాలుగేళ్లు గెలుచుకునే దారి కావాలని అడుగుతున్నాను. వెళ్లే ఆ కొద్దిమందికి న్యాయమైన కూలి, క్షేమం కావాలని అడుగుతున్నాను. ఈ రెండూ వేరు వేరు కోరికలు కావు. ఈ విషయాన్ని మీ మీ ఊళ్ల సంఘాల్లో చర్చకు పెట్టమని కోరుతూ ముగిస్తున్నాను.